తల్లికూడు

కృష్ణా జిల్లా రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది, వేసవి చివర్లో నాకు ఆ పని అప్పగించారు. అప్పటికి నేను గుడివాడలో పశుసంవర్ధక శాఖ అసిస్టెంట్ డైరెక్టరుగా ఉన్నాను. పదవీ విరమణకు పదకొండు నెలలు మిగిలి ఉన్నాయి. కుక్కలను ఈనించి పిల్లలను అమ్మే బ్రీడర్లకూ, దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్లకూ వర్తించే రాష్ట్ర నియమాలను సవరించాలని ఒక ముసాయిదా తయారై, అభిప్రాయాల కోసం జిల్లాలకు వచ్చింది. మా జిల్లాలో తనిఖీలు చేసి, బందరులో జాయింట్ డైరెక్టరు గారి అధ్యక్షతన చర్చ జరిపించి, నివేదిక పైకి పంపవలసిన కన్వీనరుని నేను.

మా శాఖ సంగతి తెలియనివారికి ఒక మాట. మండలంలో పశువుల ఆసుపత్రి నడిపే డాక్టరు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. ఆయన పైన అందరూ ఏడీ అని పిలిచే అసిస్టెంట్ డైరెక్టరు, ఆ పైన డిప్యూటీ, జిల్లాకంతటికీ పెద్ద జాయింట్ డైరెక్టరు. మా ఉద్యోగమంతా పాడిగేదెల చుట్టూ, గాలికుంటు టీకాల చుట్టూ తిరుగుతుంది. కుక్క మా రిజిస్టర్లలో చివరి పేజీ. కరిస్తే తప్ప ఎవరికీ గుర్తురాదు. అందుకే ఈ ఉత్తర్వు వచ్చినప్పుడు ఆఫీసులో చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. కుక్కల విషయం నాకు తెలుసనే నమ్మకం నాకుండేది.

ఆ నమ్మకానికి కారణం చెప్పాలి. మాది దివిసీమ. మా తాతగారి రోజుల్లో మా ఇంటిని ఊళ్ళో దివాణం అనేవారు. వేటకుక్కలకు ప్రత్యేకంగా ఒక పాక, దానికో మనిషి ఉండేవారు. ఏ కుక్క ఏ తల్లిదో మూడు తరాల వరకూ తాతగారు నోటితో చెప్పేవారట. తరవాత అన్నదమ్ముల మధ్య దావాలు వచ్చాయి. నాకు ఊహ తెలిసేసరికి పొలాలు పోయాయి, మనుషులు పోయారు, రెండు కుక్కలు మిగిలాయి. ఊరు విడిచి బందరులో అద్దె ఇంటికి మారేముందు ఆడకుక్క పిల్లలు పెట్టింది. ఒక పిల్లను తీసుకెళ్ళడానికి మా పాత పాలేరు వెంకన్న వచ్చాడు. తువ్వాలు కొసలో బియ్యం మూటకట్టి తెచ్చాడు. మా నాన్నగారు ఆ మూట చూసి, "మేం కుక్కల్ని అమ్ముకునే స్థితికి వచ్చామనుకున్నావట్రా" అన్నారు. వెంకన్న ఏదో చెప్పబోయాడు. నాన్నగారు వినలేదు. పిల్లను చేతిలో పెట్టించి బియ్యం తిప్పి పంపారు. వెంకన్న గేటు దగ్గర చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. తల్లికుక్క కాలవ వంతెన దాకా వెంటబడి తిరిగొచ్చింది. నాలుగు రోజులు తిండి ముట్టలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అన్నీ పోయినా మా నాన్నగారు కుక్కపిల్లకు బదులుగా గుప్పెడు బియ్యం కూడా పుచ్చుకోలేదన్న సంగతిని, ఆ తరవాత యాభై ఏళ్ళు మెడలో పతకంలా వేసుకు తిరిగాను. తనిఖీకి వెళ్ళినచోట మంచినీళ్ళు కూడా పుచ్చుకోని అలవాటు నాకు అక్కడినుంచే వచ్చింది. ఫ్లాస్కులో నా కాఫీ నేనే తీసుకెళ్ళేవాణ్ణి.

ఇక ముసాయిదా. అందులో అసలు మార్పు ఒక నిర్వచనంలో ఉంది. పాత నియమాల్లో బ్రీడరు అంటే వ్యాపారంగా కుక్కలను ఈనించి అమ్మే మనిషి. కొత్తదానిలో 'కుక్కపిల్లలను నగదు రూపంలో గానీ వస్తురూపంలో గానీ ప్రతిఫలం పుచ్చుకొని ఇతరులకు ఇచ్చే ఎవరైనా' అని ఉంది. ఇళ్ళలో చాటుగా పిల్లలను అమ్మి, బహుమతిగా ఇచ్చామని చెప్పేవారిని పట్టుకోవడానికి రాసిన వాక్యం అది. మంచి వాక్యమనే అనుకున్నాను. ఆ నిర్వచనం కిందికి వచ్చినవాళ్ళు లైసెన్సు తీసుకోవాలి. ఒక్కో కుక్కకు ఇంత గచ్చు, ఇంత నీడ చూపించాలి. ఒక తల్లికి ఏడాదిలో ఒక్క ఈతకు మించి తీయకూడదు. పిల్లకు ఎనిమిది వారాలు నిండకుండా తల్లినుంచి వేరుచేయకూడదు. చూపించలేనివారి కుక్కలను రిజిస్టరైన షెల్టరుకు తరలిస్తారు.

తెలుగు ఫారాలు నేనే తయారుచేశాను. బ్రీడరు అన్నచోట 'పెంపకందారు' అని రాశాను. అంతకంటే మంచి మాట అప్పుడు తట్టలేదు.

మొదటి తనిఖీ గుడివాడలోనే, చలపతిరావు గారి దగ్గర. ఇంటి వెనక రేకుల షెడ్డులో లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు పెంచి పిల్లలను అమ్ముతారు. గచ్చు తళతళలాడుతోంది. టీకా కార్డులన్నీ వరసగా ఫైల్లో పెట్టుకున్నారు. మనిషి నోటి దురుసు మనిషే గానీ, ఏ కుక్క దగ్గరికి వెళ్ళినా అది తోక ఊపింది. "ఏడీ గారూ, బోను కొలతల్లో నాకు రెండంగుళాలు తక్కువైందని రాస్తారేమో, రాసుకోండి. ముందు లైసెన్సు లేనోళ్ళని పట్టుకోండి, తరవాత నా అంగుళాలు కొలుద్దురుగాని" అన్నారు.

లైసెన్సు లేనివారి కోసమే దివిసీమ వెళ్ళాను. నాగాయలంక దాటి కరకట్ట వెంట సముద్రం వైపు వెళ్తే ఒక జాలరి పల్లె ఉంది. అక్కడ నాంచారమ్మ అనే ఆమె దగ్గర గుంపుగా కుక్కలున్నాయనీ, చుట్టుపక్కల రొయ్యల చెరువులకు కాపలా కుక్కపిల్లలన్నీ ఆమె దగ్గరినుంచే వెళ్తాయనీ మాకు సమాచారం వచ్చింది. నాతోపాటు ఆ ప్రాంతపు వెటర్నరీ అసిస్టెంటు బుల్లయ్య వచ్చాడు. డాక్టరు పక్కన ఉండి సూది, మందు, కట్టు చూసుకునే ఉద్యోగం అతనిది. ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాడు. పామర్రు, మొవ్వ, చల్లపల్లి మీదుగా వెళ్ళాం. దారిలో మా ఊరికి తిరిగే మలుపు వస్తుంది. నేను అటువైపు చూడను. డ్రైవరుకు ఆ సంగతి తెలుసు, అక్కడ నెమ్మదించడు.

నాంచారమ్మకు నా వయసే ఉంటుంది. మూతబడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి కట్ట పక్కనే ఉంది. అందులో ఉంటోంది. బయట పందిళ్ళ మీద చేపలు ఎండుతున్నాయి. వాటి కింద నీడలో పందొమ్మిది కుక్కలు పడుకుని ఉన్నాయి. ఒక్కటి కూడా చేపల వైపు ముట్టె ఎత్తలేదు. అది గమనించాను, ఫారంలో దానికి గడి లేదు కాబట్టి రాయలేదు.

ఆమె నా మొహం చూస్తూ, "మీరు దివాణం వారి బాబుగారు కదండీ. ఆ ముక్కు అదే" అంది.

నేను డ్యూటీ మీద వచ్చానని చెప్పి ఫారం తీశాను.

ఇవన్నీ నువ్వు పెంచినవేనా అని అడిగాను. "నేను గాక ఎవరు పెంచుతారండీ" అంది. పెంపకందారు అన్న గడిలో ఆమె పేరు రాశాను. ఏడాదిలో ఎన్ని ఈతలని అడిగితే వేళ్ళు మడిచి నాలుగంది. పిల్లలు ఎక్కడికి వెళ్తాయంటే చెరువులకంది.

"ఊరికే ఇస్తావా, ఏమన్నా తీసుకుంటావా?"

"ఊరికే ఎవరిత్తారండీ? బియ్యం తెత్తేనే ఇత్తాను."

మూలన మూతపెట్టిన డబ్బాలో బియ్యం కనిపించింది. 'ప్రతిఫలం: వస్తురూపంలో, బియ్యం' అని రాశాను. రాసేటప్పుడు మా నాన్నగారు తిప్పి పంపిన మూట గుర్తొచ్చిన మాట నిజం. నా చేతిరాత ఆ వాక్యంలో మిగతావాటికంటే స్పష్టంగా ఉంది. ఆమె వేలిముద్ర వేసింది. టీ పెడతానంది. వద్దన్నాను. వచ్చేస్తుంటే బుల్లయ్య ఏదో అనబోయి, నేను జీపెక్కేసరికి ఊరుకున్నాడు.

ఆ నివేదిక చదివి జాయింట్ డైరెక్టరు రాజ్యలక్ష్మి గారు, బియ్యం పుచ్చుకుని చెరువులన్నిటికీ పిల్లలనివ్వడం పాత నియమాల ప్రకారం కూడా లైసెన్సు లేని వ్యాపారమేనని, నోటీసు పంపమన్నారు. ఆవిడ నాకంటే పన్నెండేళ్ళు చిన్న. వేగంగా చదువుతారు, వేగంగా సంతకం పెడతారు, కాని సంతకం పెట్టినది మరచిపోరు. రాసింది సంజాయిషీ నోటీసు, అంటే చర్య తీసుకునేముందు నీ మాట ఏమిటో చెప్పుకోమని ఇచ్చే అవకాశం. కింద సంతకం నాది. చర్చ జరిగే రోజే హాజరై జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వారంలోనే పందొమ్మిది కుక్కలనూ గుడివాడ దగ్గరి షెల్టరుకు తరలించాలి. వాహనం కూడా మాట్లాడి ఉంచాను. నేను పని పూర్తిగా చేసే మనిషిని.

చర్చ బందరులో, కలెక్టరేట్ సమావేశ మందిరంలో జరిగింది. బ్రీడర్లు ఒకవైపు, షెల్టర్లు నడిపేవారు ఇంకోవైపు కూర్చున్నారు. మున్సిపాలిటీ వారు మధ్యలో ఫైళ్ళు చూసుకుంటున్నారు. ఉదయమంతా వాదన గట్టిగానే నడిచింది. తనిఖీకి ముందు కబురు పెట్టి రావాలని బ్రీడర్లు, కబురు పెడితే తనిఖీ ఎందుకని షెల్టర్లవారు. షెల్టరులో కుక్కను దత్తత ఇచ్చేముందు తీసుకునేవారి ఇల్లు చూసి రావాలన్న నియమం దగ్గర పెద్ద చిక్కొచ్చింది. మనిషి మంచివాడో కాదో ఫారంలో ఎలా తెలుస్తుందని ఒకరు, ఫారం లేకుండా మాత్రం ఎలా తెలుస్తుందని ఇంకొకరు. రాజ్యలక్ష్మి గారు ఆ నియమం పక్కన ప్రశ్నార్థకం వేసి ముందుకు వెళ్ళారు.

అప్పుడు చలపతిరావు గారు లేచారు. ఎజెండాతోపాటు నా తనిఖీ నివేదికల నకళ్ళు అందరికీ ఇచ్చాం. ఆయన చేతిలో అదే ఉంది.

"మేడమ్ గారూ, నా దగ్గర ఒక్క కుక్క ఈనితే నేను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఇక్కడ చూడండి, నాగాయలంక అవతల ఒకావిడ. ఏడాదికి నాలుగు ఈతలు. ఊళ్ళో రొయ్యల చెరువులన్నిటికీ సప్లై. గచ్చు లేదు, కార్డు లేదు, లైసెన్సు లేదు. ఇది నేనన్న మాట కాదు, ఏడీ గారు స్వయంగా రాసింది. రూలంటే నాకొకటి, ఆవిడకొకటా?"

ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్నే. రాజ్యలక్ష్మి గారు, ఆమె వచ్చారా అని అడిగారు.

వెనక వరసలో నాంచారమ్మ లేచి నిలబడింది. ఉతికిన చీర, నోటీసు మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు. తెల్లవారకముందే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చిందట. ఏం చెప్పుకుంటావమ్మా అని అడిగితే ఆమె రాజ్యలక్ష్మి గారిని వదిలి నావైపు చూసింది.

"పందొమ్మిదింటినీ తీసికెల్తారంట కదండీ. మరి తల్లులకి కూడెవరు పెడతారండీ? మీరేనా, బండోళ్ళా? బియ్యం తెచ్చుకున్నారా?"

హాల్లో నవ్వులు వచ్చాయి. షెల్టరులో తిండి పెడతారమ్మా అని ఎవరో అన్నారు.

"ఆళ్ళెట్టే తిండి కాదండీ. తీసికెల్లే కూడు."

ఆ మాట నాకు అర్థం కాలేదు. కానీ ఏదో తేడా ఉందని మాత్రం తెలిసింది. ముప్పై ఏళ్ళ పైచిలుకు పశువులకు వైద్యం చేసినవాడికి ఒక అలవాటు ఉంటుంది. మందు పనిచేయకపోతే రోగం పేరు మళ్ళీ మొదటినుంచి ఆలోచిస్తాడు. ఒక ప్రశ్న అడగడానికి మేడమ్ అనుమతి తీసుకున్నాను.

"నాంచారమ్మ గారూ, ఆ బియ్యం ఎవరికి?"

అప్రయత్నంగా గారు అన్నాను. అది నాకంటే ముందు ఆమెకే తెలిసినట్టుంది, కొంచెం సర్దుకుని నిలబడింది.

"నాకెందుకండీ కుక్క కూడు?" అని మొదలుపెట్టి ఆమె చెప్పినది ఇది. పిల్ల కావాలని వచ్చినవాడు తన ఇంటి బియ్యం తెచ్చుకోవాలి. ఆమె పొయ్యి మీద తానే వండాలి. తల్లికుక్క ముందు తన చేత్తో పెట్టాలి. తల్లి తిని, ఆ చెయ్యి వాసన చూసి, పిల్లమీద చెయ్యి వేయనిస్తే పిల్లను తీసుకెళ్ళవచ్చు. తినకపోతే వెళ్ళిపోయి ఇంకోరోజు రావాలి. దాన్ని వాళ్ళ పల్లెల్లో తల్లికూడు అంటారు. డబ్బాలో నేను చూసిన బియ్యం, అలా తిరిగి వెళ్ళినవారు మళ్ళీ వచ్చేటప్పుడు పనికొస్తాయని వదిలిపెట్టినవి.

"మా మేనల్లుడే మూడుసార్లు తిరిగాడండి."

ఎందుకని రాజ్యలక్ష్మి గారు అడిగారు.

"తాగొచ్చేవోడండి. తల్లికి తెలవదా? నాలుగోసారి తాగకుండా వచ్చాడు, తిన్నాది."

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. చలపతిరావు గారు తలపట్టుకుని, "నా కస్టమర్లకి ఈ పరీక్ష పెడితే నా దగ్గర ఒక్క పిల్ల కదలదండి బాబూ" అన్నారు. అని కూర్చోబోయి మళ్ళీ లేచి, "మరి నాలుగు ఈతల మాటేంటమ్మా?" అని అడిగారు.

"నేనీనిత్తానా? రొయ్యల పట్టుబడైపోయి చెరువులెండగట్టాక కాపలా కుక్కల్ని కట్టమీదే వదిలేసెల్తారు. అందులో సగం కడుపుతోటి ఉంటాయి. నా షెడ్డు ముందుకొచ్చి పడుకుంటే పొమ్మంటానా?" అని, నావైపు తిరిగి, "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించెయ్యండి బాబుగారూ, నాక్కూడా ఓపిక లేదు. ఏళ్ళబట్టి అడుగుతున్నాను. ఒక్క డాట్రుగారు కరకట్టెక్కితేనా" అంది.

కరకట్ట ఎక్కిన మొదటి డాక్టరుని నేను. ఎక్కి ఆమె చేత వేలిముద్ర వేయించుకుని దిగాను.

ఆమె మాట్లాడుతున్నంతసేపూ నా మనసులో ఒక గేటు కనిపిస్తూనే ఉంది. వెంకన్న ఆ రోజు అంతసేపు ఎందుకు నిలబడ్డాడో నేనెన్నడూ ఆలోచించలేదు. పుచ్చుకోమని బతిమాలడానికి నిలబడ్డాడనే అనుకునేవాణ్ణి. అతనిదీ కట్ట వైపు పల్లే, తెచ్చిన బియ్యం మాకు కాదు. పొయ్యి ఎక్కడుందో చూపిస్తారేమోనని నిలబడ్డాడు. తల్లికుక్క వంతెన దాకా ఎందుకు వెళ్ళిందో, నాలుగు రోజులు ఎందుకు తినలేదో, బందరు సమావేశ మందిరంలో, అరవై దాటాక తెలిసింది. మా నాన్నగారు ఆ రోజు కాపాడుకున్న పరువు మీద నిజానికి ఎవరూ చెయ్యి వేయలేదు.

రాజ్యలక్ష్మి గారు నా నివేదిక పేజీ తిప్పి చూసి, "డాక్టరు గారూ, మీ రిపోర్టులో ఇలా లేదే" అన్నారు. గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవడానికే అడిగారు.

నేను లేచాను. సర్వీసులో నా నివేదిక ఒక్కటి కూడా తిరిగి రాలేదని నాకు గర్వంగా ఉండేది. ఆ హాల్లో సగం మందికి ఆ సంగతి తెలుసు. సర్దిచెప్పడానికి దారులు లేకపోలేదు. ఆమె అప్పుడలా చెప్పింది, ఇప్పుడిలా చెబుతోంది అనవచ్చు. వేలిముద్ర ఉంది. ఎవరూ కాదనలేరు.

"లేదు మేడమ్. నేను ఆమెను తప్పు ప్రశ్న అడిగాను. ఆమె నిజమే చెప్పారు. నేను రాసింది తప్పు. ఆ పేజీని సరిచేసుకోవడానికి అనుమతి ఇవ్వండి."

చలపతిరావు గారు తన చేతిలోని నకలును మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తరవాత ఆ కాగితం ఊసు ఆయన ఎక్కడా ఎత్తలేదు.

మా శాఖలో తనిఖీ నివేదికను కొట్టివేసి తిరగరాయడానికి వీల్లేదు. పాతది అలాగే ఉంచి, సవరణ నివేదిక అని వేరే కాగితం జతచేసి, సవరణకు కారణం అనే చోట ఒక వాక్యం రాయాలి. మామూలుగా అక్కడ 'అదనపు సమాచారం అందినందున' అని రాస్తారు. ఎవరికీ నొప్పి తగలని వాక్యం. నేను 'ప్రశ్న సరిగా అడగనందున' అని రాశాను. ఆ మధ్యాహ్నమే అక్కడే నోటీసు రద్దు కాగితం టైపు చేయించి, మాట్లాడి ఉంచిన వాహనాన్ని వద్దని చెప్పాను.

చర్చకు వచ్చిన బుల్లయ్య, గుడివాడ ఆఫీసులో పనుందని తిరుగు ప్రయాణంలో నాతో జీపెక్కితే అడిగాను, నీకీ సంగతి ముందే తెలుసా అని.

"తెలుసండి. మా ఇంట్లో కుక్క ఆవిడిచ్చిందేనండి."

"మరి చెప్పలేదేం?"

"మీరు రాత్తా ఉంటే ఎవరు మాట్టాడతారండి?"

పామర్రులో అతను టీ తాగుదామన్నాడు. ఫ్లాస్కు సీటు మీదే ఉంది. దిగి అతనితో కలిసి బడ్డీలో తాగాను.

జిల్లా అభిప్రాయంగా మేం పైకి పంపిన కాగితంలో రెండు సూచనలు ఈ చర్చవల్ల చేరాయి. ప్రతిఫలం అన్న నిర్వచనంలోనుంచి, ఆ జంతువు కోసమే తెచ్చిన తిండిని మినహాయించాలన్నది ఒకటి. దత్తత ఇచ్చేముందు తీసుకునే మనిషి స్వయంగా వచ్చి, ఆ కుక్కకు తన చేత్తో తిండి పెట్టి, అది చేరువ కానిస్తేనే ఇవ్వాలన్నది రెండోది. రాజ్యలక్ష్మి గారు ఉదయం ప్రశ్నార్థకం వేసిన నియమం పక్కనే దాన్ని రాయించారు. పెంపకందారు అన్న మాట తీసేసి, ఫారాల్లో బ్రీడరు అనే రాశాం. బ్రీడరంటే ఎవరో నాంచారమ్మకు తెలుసు. చలపతిరావు గారిని చూసింది కదా.

నియమాలు చివరికి ఏ రూపంలో వస్తాయో ఇది రాసేనాటికి నాకు తెలియదు. ఫైలు పైన ఉంది.

కరకట్ట మీద ఆపరేషన్ల క్యాంపు మాత్రం మా చేతిలోని పని. వానలు తగ్గగానే ఆ ఐసు ఫ్యాక్టరీ షెడ్డులోనే పెట్టాం. ఇద్దరు డాక్టర్లు, బుల్లయ్య, నేను. నా స్థాయి అధికారి కత్తి పట్టనక్కర్లేదు, కానీ పట్టాను. కుట్లు మానేదాకా ఉంచడానికి చలపతిరావు గారు తన బోనులు ఆటోలో వేయించి పంపారు. "కొలతలు సరిచూసుకోమనండి ఏడీ గారిని" అని ఫోనులో చెప్పారట. రేబీస్ టీకాలు వేసి కార్డులు రాశాం. ఆ మండలం పశువుల ఆసుపత్రికి అనుబంధంగా నాంచారమ్మ స్థలాన్ని తాత్కాలిక షెల్టరుగా నమోదుచేయడానికి పాత నియమాల్లోనే ఒక దారి దొరికింది. వెతికితే దొరికేదే, ముందు వెతకలేదు.

క్యాంపు నాటికి ఒక నల్లకుక్కకు పాలుతాగే పిల్లలున్నాయి. ఎడమ చెవి చిరిగి ఉండేది. పాలు మానేదాకా దానికి ఆపరేషన్ చేయకూడదు కాబట్టి వదిలేశాం. పిల్లలకు ఎనిమిది వారాలు నిండాక ఒక ఆదివారం గుడివాడనుంచి బస్సులో వెళ్ళాను. శాఖ జీపు తీసుకోలేదు, ఎందుకంటే అది నా సొంత పని. సంచిలో మా ఇంటి బియ్యం ఉన్నాయి.

నాంచారమ్మ సంచి చూసి పొయ్యి చూపించింది. నాకు వంట రాదు. అన్నం అడుగంటింది. ఆమె చూస్తూ కూర్చుందే తప్ప గరిటె అందుకోలేదు. చల్లార్చి నల్లదాని ముందు పెట్టాను. అది నావైపు చూసి, పిల్లలను వెనక్కి నెట్టుకుని పడుకుంది. ఆ మధ్య క్యాంపులో దాని తోటి కుక్కలకు సూదులు పొడిచిన చెయ్యి నాది. దాని లెక్క దానికుంటుంది.

"మాడిందని కాదండీ, మాడినా తింటాది" అంది నాంచారమ్మ. అది ఓదార్పో, ఎత్తిపొడుపో నాకు తెలియలేదు. మిగిలిన బియ్యం డబ్బాలో పోసి బస్సెక్కాను.

తరవాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆ డబ్బాలోనుంచే తీసి వండాను. ఈసారి అన్నం కుదిరింది. నల్లది చాలాసేపు కదల్లేదు. నేను పళ్ళెం దగ్గరే నేలమీద కూర్చున్నాను. పంట్లాం మడతలు నలుగుతాయన్న సంగతి ఆ రోజు గుర్తు రాలేదు. ఎండ షెడ్డు గడప దాటి లోపలికి వచ్చేసరికి అది లేచి, ఒక ముద్ద తిని, నా చెయ్యి వాసన చూసి, మళ్ళీ తింది. తరవాత నా అరచేతిలో ముట్టె ఆనించి కాసేపు అలా ఉండిపోయింది. నేను పిల్లమీద చెయ్యి వేశాను. ఏమీ అనలేదు.

నాంచారమ్మ మిగిలిన అన్నంలో చేపల పులుసు పోసి ఒక పళ్ళెం నా ముందు పెట్టింది. "మీరూ ఓ ముద్ద తినండి బాబుగారూ, పొద్దున్నే బయల్దేరుంటారు." నేను ఆ రోజు డ్యూటీలో లేను. తిన్నాను. బస్సుకు టైమవుతోందని లేస్తుంటే నల్లది కట్ట దాకా నాతో వచ్చింది. వచ్చి ఆగింది. వెనక పరుగెత్తలేదు. నేను తిరిగి చూసేసరికి పందిరి నీడకు వెళ్ళి పడుకుంటోంది.

బస్సు మా ఊరి మలుపు దగ్గర ఆగింది, ఎవరో దిగారు. సంచిలోనుంచి పిల్ల తల బయటపెట్టింది. అది చూస్తున్నవైపు నేనూ చూశాను. మలుపునుంచే కనిపించే దివాణం ఇప్పుడు ఎరువుల గోడౌను. రేకుల మీద కంపెనీ పేరుంది. గేటు మాత్రం పాతదే.

ఈ వ్యవహారంవల్ల నేను నేర్చుకున్నది ఒకటి, అది పూర్తిగా ఉద్యోగానికి సంబంధించినది. మా ఫారాల్లో జవాబుకు గడి ఉంటుంది, అడిగిన ప్రశ్నకు ఉండదు. ఏ మాటలతో అడిగామో చెరిగిపోయి, చెప్పిన మాట ఒక్కటే మిగులుతుంది. దానిమీద సంతకాలు పడతాయి, బండ్లు కదులుతాయి. మిగిలిన నెలల్లో నేను రాసిన ప్రతి తనిఖీ నివేదికలోనూ జవాబుకు ముందు, నేను ఏ మాటలతో అడిగానో కూడా రాశాను. నివేదికలు పొడవు పెరిగాయని ఆఫీసులో విసుక్కున్నారు. రెండు తిరిగి వచ్చాయి. మళ్ళీ అలాగే రాసి పంపాను.